జారని టైరు

“ఏ టైరు వేస్తే కారు జారదు సార్?”

ఓబుళయ్యను సువర్చల అడిగిన ప్రశ్న ఇది. అడిగి, చేతిలోని కాగితాల కట్ట ఆయన ముందు పెట్టింది.

ఓబుళయ్య ముప్పై రెండేళ్ళు ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. చిత్తూరు జిల్లా పడమటి వైపు, నెమలికనుమ ఎక్కే దారి మొదట్లో ఆయన ఇల్లు. మైదానంలో కారు నడపడం వచ్చి కొండంటే జంకేవాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళి నేర్చుకునేవారు. ఇంటి ముందు బోర్డు లేదు. పాఠాలకు ఒక వరసంటూ లేదు. ఎవరు ఏది అడిగినా అప్పటికప్పుడు బదులు చెప్పే అలవాటు కూడా ఆయనకు లేదు. “చూద్దాం” అనేవాడు. ఆ చూడడం వారం తర్వాతో నెల తర్వాతో, ఏదో ఒక మలుపు దగ్గర జరిగేది. అప్పటికి అడిగినవాళ్ళు మరిచిపోయినా ఆయన మరిచేవాడు కాదు.

సువర్చల జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. వయసు నలభై రెండు. పిల్లలిద్దరి చదువులూ ఒక దారిన పడ్డాక, తనకంటూ ఆమె కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఒక ఎర్ర కారు. చూడడానికి చిన్నదే గానీ ఇంజను మహా చురుకు. సీటు నేలకు దగ్గరగా ఉండేది. మలుపు తిరుగుతుంటే ఒళ్ళంతా మలుపుతో పాటే తిరిగినట్టుండేది. కాలేజీ కనుమకు అవతల ఉంది. పోతూ పదకొండు మలుపులు, వస్తూ పదకొండు. ఇంట్లోనూ కాలేజీలోనూ పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆమెను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఆ కొండ మీద ఉన్నంతసేపు ఎవరూ ఏమీ అడగరు. ఆ కారు మీద ఆమెకున్న ప్రేమలో సగం అదే.

కిందటి అక్టోబరులో ఒక తుంపర పూట, ఆరో మలుపు దగ్గర ఆ కారు జారింది. ఒక క్షణం చేతికింద ఉన్న బండి మరుక్షణం లేదు. రోడ్డు కనపడాల్సిన చోట కొండ కనపడింది, కొండ కనపడాల్సిన చోట ఆకాశం. రెండు చుట్లు తిరిగి, లోయ వైపు పిట్టగోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. కారుకు గీత పడలేదు, ఆమెకు దెబ్బ తగల్లేదు. విన్నవాళ్ళందరూ దేవుడి దయ అన్నారు. కానీ మరునాటి నుంచి ఆమె కాలేజీకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు కారు కవరు కిందే ఉండిపోయింది. వారానికోసారి కవరు తీసి, ఇంజను వేసి, కాసేపు అందులో కూర్చుని, మళ్ళీ కప్పేసేది. “వాడనిదాన్ని ఉంచుకోవడం ఎందుకు, అమ్మేద్దామా?” అని భర్త ఒకసారి మెల్లగా అడిగితే, విననట్టు లోపలికి వెళ్ళిపోయింది.

సర్వీసు కోసం వచ్చిన మెకానిక్ టైర్ల మీద చెయ్యి పెట్టి, “మేడమ్, ఇవి అరిగి గుండు అయిపోయి చాలా రోజులైంది. వీటితో కొండ ఎట్లా ఎక్కినారు?” అన్నాడు. ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టు అనిపించింది. తప్పు తనది కాదు, టైర్లది. అయితే జారని టైర్లు వేయించుకుంటే సరి. మూడు వారాలు కూర్చుని, ఆ కారుకు సరిపడే టైర్లన్నిటి గురించీ చదివింది. ఏ రబ్బరు మెత్తన, ఏది గట్టి, ఏ గాడి నీటిని ఎంత బయటికి తోస్తుంది, బ్రేకు వేస్తే ఏది ఎన్ని అడుగుల్లో ఆగుతుంది, అన్నీ పట్టికలుగా రాసుకుంది. చదివినకొద్దీ తెలిసింది పెరిగిందే తప్ప నిర్ణయం దగ్గర పడలేదు. చివరికి ఆ పన్నెండు పేజీలూ పట్టుకుని ఓబుళయ్య దగ్గరికి వచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పన్నెండు పేజీలూ చదివాడు. మధ్యలో ఒకచోట, “ఇదేం మాటమ్మా?” అని అడిగి తెలుసుకుని మళ్ళీ చదివాడు. అంతా అయ్యాక కాగితాలు సర్దుతూ, “అన్నీ రాసినావు. జారేటప్పుడు ఏది ఎట్లా జారుతుందో మాత్రం రాయలేదే?” అన్నాడు.

“జారకుండా ఉండడానికే గదా సార్ ఇదంతా!”

ఓబుళయ్య తల ఊపి, “చూద్దాం” అన్నాడు.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. కారు తీసుకుని ఊరి బయట పాత వేరుశెనగ మిల్లుకు రమ్మన్నాడు. కొండ ఎక్కే పని లేదు గనుక ఆమె ధైర్యం చేసి, మెల్లగా నడుపుకుంటూ వెళ్ళింది. మిల్లు మూతబడి చాలా కాలమైంది. కాయలు ఆరబోసే సిమెంటు కళ్ళం మాత్రం రెండెకరాల మేర నున్నగా ఉంది. దాని నడిమధ్య ఖాళీ డ్రమ్ము ఒకటి నిలబెట్టి ఉంది. ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి కళ్ళమంతా తడిపించారు. ఓబుళయ్య స్నేహితుడు మహబూబ్ పీరా తన టైర్ల కొట్టు నుంచి ఆటోలో ఎనిమిది చక్రాలు తెచ్చి గోడకు ఆనించి పెట్టాడు. రెండు రకాలు, నాలుగేసి. ఎవరో కొన్నాళ్ళు వాడి మార్చుకున్నవి. సువర్చల దగ్గరికి వెళ్ళి చూసింది. ఒక రకం ఆమె కాగితాల్లో అన్నిటికన్నా పైన నిలిచినవి. రెండో రకానికి ఆమె నాలుగో పేజీలోనే పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టేసింది.

పీరా జాకీ ఎత్తి మొదటి నాలుగూ బిగించాడు. “ఈ డ్రమ్ము చుట్టూ తిరగాల,” అన్నాడు ఓబుళయ్య. “దూరం మార్చొద్దు. కొంచెం కొంచెంగా స్పీడు పెంచు. కిటికీ దించుకో.”

“జారితే?”

“ఇక్కడ తగలడానికి ఏముంది?”

ఆయన వెళ్ళి రేకుల పంచ కింద కూర్చున్నాడు. సువర్చల అరచేతులు చీర కొంగుకు తుడుచుకుని కారు కదిలించింది. పాతిక, ముప్పై, ముప్పై అయిదు. కారు తడి నేలను కరుచుకుని పోతోంది. స్టీరింగులో వణుకు లేదు, టైర్లలో చప్పుడు లేదు. ముప్పై ఎనిమిది, నలభై. ఎంత బాగున్నాయి ఇవి, అనుకుంది. మూడు వారాల చదువు వృథా పోలేదనుకుంది. నలభై రెండు దగ్గర, ఆ అనుకోవడం పూర్తి కాకుండానే, కింద నేల లాగేసినట్టయింది. ఉలిక్కిపడి యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసేసింది. వెనక భాగం ముందుకొచ్చింది. మిల్లు గోడ, చింతచెట్టు, మళ్ళీ మిల్లు గోడ. కారు ఆగేసరికి ఆమె ముఖం వచ్చిన దారి వైపే ఉంది. ఆ కళ్ళంలో పిట్టగోడా లేదు, లోయా లేదు. అయినా ఆమెకు ఆ రెండూ కనిపించాయి.

పంచ కింది నుంచి, “మళ్ళీ,” అని వినిపించింది.

ఆమె కారు దిగి ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళలేదు. ఏడుసార్లు తిరిగింది, ఏడుసార్లూ అంతే. నలభై ఒకటి దాకా శిలలా నిశ్చలంగా ఉండడం, నలభై రెండు దగ్గర మాట లేకుండా వదిలేయడం. ఏడోసారి కారు గిర్రున తిరిగి ఆగినప్పుడు ఆమె మామూలుగా గేరు మార్చి పంచ పక్కకు తెచ్చి ఆపింది. ఎనిమిది నెలలుగా తలుచుకుంటేనే గుండె జారిన సంగతి, ఆ పొద్దున ఏడుసార్లు జరిగి, ఏడుసార్లూ ముగిసిపోయింది.

పీరా చక్రాలు మార్చాడు. రెండో రకం టైర్లు ముప్పై నాలుగు దగ్గరే సణుగుడు మొదలుపెట్టాయి. బాగాలేదు అనుకుంది. ముప్పై అయిదుకు స్టీరింగు చేతుల్లో తేలికైంది. ముప్పై ఆరుకు కారు ముక్కు డ్రమ్ముకు దూరంగా మెల్లగా బయటికి జరగసాగింది. కాలు కాస్త సడలించింది. పిలిచినట్టే వెనక్కి వచ్చింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ జరిగింది, మళ్ళీ వచ్చింది. కావాలని తిప్పి పడేద్దామని చూసినా తొందరగా పడలేదు. పడబోయే ముందు ప్రతిసారీ ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

కారు పంచ పక్కకు తెచ్చి ఆపి, ఆమె నిజాయితీగా లెక్క చెప్పింది. “నలభై రెండు ఎక్కడ, ముప్పై ఆరు ఎక్కడ సార్? మొదటివే గెలిచాయి.”

“అవును,” అన్నాడు ఓబుళయ్య. “గెలిచినాయి.”

“మరి అవే వేయించమంటారా?”

“ఇంకొక్కసారి తిరిగి రాపో. మీటరు చూడొద్దు.”

ఆమె వెళ్ళింది. ఈసారి ఒక చుట్టు కాదు, చాలాసేపు తిరిగింది. ఎండ ముదిరి కళ్ళం ఒకచోట తడిగా, ఒకచోట పొడిగా మారుతోంది. పొడిలో టైర్లు నోరు మూసుకునేవి, తడిలోకి రాగానే గొణిగేవి. గొణుగుడు వినగానే కాలు దానంతట అదే సర్దుకునేది. ఎంత స్పీడులో ఉందో ఆమెకు తెలియలేదు, తెలుసుకోవాలనిపించనూ లేదు. డ్రమ్ము చుట్టూ తిరుగుతున్న ఆ ఎర్ర కారులో, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

దిగి వచ్చి, “పీరాగారూ, ఈ రకంలోనే కొత్తవి నాలుగు తెప్పించండి,” అంది.

పీరా ఆశ్చర్యపోయి ఓబుళయ్య వంక చూశాడు. ఓబుళయ్య తెచ్చుకున్న మజ్జిగ ముగ్గురికీ గ్లాసుల్లో పోశాడు.

కొత్త టైర్లు వేయించాక ఆమె ఓబుళయ్యను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు కనుమ ఎక్కి దిగింది. అయిదో రోజు ఒక్కతే వెళ్ళింది. ఆ తర్వాత బస్సు పాసు రెన్యువల్ చేయించలేదు.

అక్టోబరు మళ్ళీ వచ్చింది. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తిరిగి వస్తుండగా కనుమలో తుంపర మొదలైంది. చాలా రోజులుగా ఎండిన రోడ్డు మీద పడే మొదటి తడి అది, పెద్ద వానకన్నా దొంగది; రోడ్డు మీది దుమ్మునూ నూనెనూ కడిగెయ్యదు, పైకి తేల్చి వదులుతుంది. ఎనిమిదో మలుపు మొదట్లో స్టీరింగు ఉన్నట్టుండి తేలికైంది. ముందు ఏమీ కనపడలేదు. రోడ్డు ఎప్పటిలాగే నల్లగా మెరుస్తోంది. నిన్నా మొన్నా ఆమె ఇదే మలుపు ఇదే స్పీడులో తిరిగింది. అయినా కింద నుంచి సన్నగా ఆ సణుగుడు వినిపించింది, కాలు దానంతట అదే సడలింది. కారు ముక్కు జానెడు బయటికి జరిగి, ఆలోచించుకున్నట్టు ఒక క్షణం ఆగి, లోపలికి వచ్చింది.

మలుపు తిరగ్గానే చూసింది. టమాటాల లోడుతో వెళ్తున్న మినీ లారీ ఒకటి పక్కకు ఒరిగి ఉంది. ట్యాంకు పగిలి కారిన డీజిలు వాన నీళ్ళతో కలిసి మలుపు దాకా పారింది. రోడ్డు నిండా క్రేట్లు, టమాటాలు. ఇద్దరు మనుషులు వాటిని ఏరుతున్నారు. వాళ్ళలో ఒకాయన నడిరోడ్డు మీద, ఆమెకు వీపు పెట్టి, గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమె ఆపగలిగింది. కారుకూ ఆయనకూ మధ్య ఇంకో కారు పట్టేంత చోటు మిగిలింది. ఆయన తల తిప్పి చూసి, ఏమీ జరగనట్టే, “పక్కనుంచి పోక్కా, చోటుంది,” అని మళ్ళీ ఏరుకోసాగాడు. జరగబోయి తప్పిపోయింది ఏమిటో ఆయనకు తెలియదు.

సువర్చల పోలేదు. కారు ఓరగా నిలిపి, మలుపుకు ఇవతల కానుగ కొమ్మలు విరిచి రోడ్డుకు అడ్డంగా వేసింది. వచ్చే బండ్లకు చెయ్యి ఊపుతూ, డీజిలు మీద మట్టి పోసేదాకా వానలో నిలబడింది. తర్వాత తనూ కొంగు బిగించి టమాటాలు ఏరింది. వెళ్ళేటప్పుడు, వద్దంటున్నా వినకుండా ఆ మనుషులు సంచి నిండా టమాటాలు వెనక సీటులో పెట్టారు.

ఆమె నేరుగా ఓబుళయ్య ఇంటికి వెళ్ళింది. తడిసిన చీరతోనే పంచలో కూర్చుని, జరిగినదంతా వరసగా చెప్పింది. ఆయన సంచి తెరిచి, నలిగినవి ఒక పక్కకు, గట్టివి ఒక పక్కకు వేరు చేస్తూ విన్నాడు.

“మొదటివి వేయించుకుని ఉంటే ఏమయ్యేది సార్?”

“ఏమో. అవీ ఆగి ఉండొచ్చు. మనం చూళ్ళేదు గదా.”

ఆమె తడిసిన కొంగు పిండుకుంది. ఆ తర్వాత, చిన్నపిల్ల పరీక్ష ఫలితం చెప్పినట్టు, “అయినా నిజంగానే జారింది సార్. మరి నాకు భయం వేయలేదు,” అంది. అన్న వెంటనే, తను పాఠం చెప్పే మనిషి గనుక, సరిదిద్దుకుంది. “కాదు. వేసింది. కొంచెం.”

ఓబుళయ్య చేతిలో ఉన్న టమాటాను గట్టివాటిలో పెట్టాడు.

“ఉండనీమ్మా,” అన్నాడు. “ఆ కొంచెం పోనీయొద్దు.”