పేరంటాలి చీర

అనకాపల్లిలో అచ్యుతరావు అనే ఆయన ఉండేవాడు. చనిపోయిన తల్లికి ఏటా పట్టుచీర పెట్టేవాడు గానీ, బతికున్న భార్యను తిన్నావా అని ఒక్కనాడూ అడిగేవాడు కాదు.

ఆ తల్లి పేరు వరహాలమ్మ. పొడుగాటి మనిషి. చేతినిండా పచ్చ గాజులు, ముంజేతి మీద తేలు బొమ్మ పచ్చబొట్టు ఉండేవి. అచ్యుతరావుకు పదేళ్ళప్పుడు, ఇంట్లో చుట్టాల భోజనాలు జరుగుతుండగా ఆవిడ వంటింట్లో పొయ్యి ముందు కూలిపోయింది. ఆ రోజు తెల్లవారకముందే లేచి, ఒంటిచేత్తో వండి, నోట్లో మెతుకు వేసుకోకుండా వడ్డిస్తూ తిరిగింది. ఆవిడ పడిపోయిన సంగతి పంక్తిలో ఎవరికీ తెలియలేదు. పెరుగు రాలేదేమని కేక వేశారు. కాసేపాగి మళ్ళీ వేశారు. ఆ కేకల్లో అచ్యుతరావు గొంతు కూడా ఉంది. లోపలికి వెళ్ళి చూద్దామని ఎవరూ లేవలేదు. అందరి చేతులూ ఎంగిలి. చివరికి ఎవరో తీరిగ్గా చేతులు కడుక్కుని వెళ్ళేసరికి ఆవిడ ఒళ్ళు చల్లబడిపోయింది.

ముత్తయిదువగా పోయిన ఆడమనిషిని ఇంటి పేరంటాలుగా కొలవడం ఆ వైపు అలవాటు. వరహాలమ్మ కూడా అలాగే పేరంటాలైంది. వంటింటి మూల గూట్లో పసుపు ముద్ద పెట్టారు. ఏటా ఒక పట్టుచీర పెట్టి, దాన్ని ట్రంకుపెట్టెలో దాచి తాళం వేసేవారు. ఇంట్లో విందు జరిగితే ముందుగా ఆ మూల ఆవిడకు విస్తరి వేసేవారు. ఇది చాలదన్నట్టు అచ్యుతరావు మేనత్త ఇంకో నియమం కూడా పెట్టి పోయింది. వరహాలమ్మ తినకుండా పోయింది కనుక, ఆ వంటింట్లో విందు వండే ఇల్లాలు, అందరూ తిని లేచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆకలితో పోయిన మనిషికి ఇంకో మనిషి ఆకలిని నైవేద్యం పెట్టే తెలివి మనవాళ్ళకు తప్ప ఎవరికి వస్తుంది?

ఆ నియమం ఇప్పుడు అచ్యుతరావు భార్య రత్నమాల నెత్తిన పడింది.

ట్రంకుపెట్టె గురించి ఒక మాట చెప్పాలి. కొత్త చీర పెట్టేటప్పుడు నిరుటి చీర తీసి చూస్తే, దాని కుచ్చిళ్ళు నలిగి ఉండేవి. కొంగుకు పసుపు మరకలు ఉండేవి. ఒక ఏడాదైతే కొంగు చివర కాలి ఉంది. మడత విప్పగానే ఇంగువ వాసన గుప్పుమంది.

"ఏమండీ, ఈ చీర ఎవరో కట్టుకున్నట్టుంది," అంది రత్నమాల.

"తాళంచెవి నా మొలతాడుకుంది. ఎవరు కట్టుకుంటారు? ఎలకలై ఉంటాయి," అన్నాడు అచ్యుతరావు.

"ఎలకలు కొరుకుతాయి గానీ తిరగమోత పెడతాయా?"

ఆయన వినిపించుకోలేదు.

ఆ ఏడు ఆయన ఆఫీసుకు హైదరాబాదు నుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఆయన నోట ఒక కొత్త మాట విన్నాడు అచ్యుతరావు. వినగానే అది తన ఇంట్లో జరగాలనిపించింది.

"గణతంత్ర దినోత్సవం సెలవు కదా. జెండా ఎగరెయ్యగానే మా ఆఫీసరు గారు, వాళ్ళావిడ, ఇంకో రెండు కుటుంబాల వాళ్ళు మనింటికే వస్తారు. బ్రంచ్‌కి పిలిచాను," అన్నాడు.

"అంటే ఏమిటండీ?"

"టిఫినూ కాదు, భోజనమూ కాదు. రెంటికీ మధ్యలోది. పెద్ద పనేమీ ఉండదు."

"అంటే టిఫినూ వండాలి, భోజనమూ వండాలి. అంతేగా?" అంది రత్నమాల.

అచ్యుతరావు పడక్కుర్చీలో కూర్చుని ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఆయన ఏర్పాట్లంటే నోటితో చేసేవే. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి అన్నాడు. గారెలు వేడివేడిగా ఒక్కొక్క వాయే రావాలన్నాడు. పులిహోర, గుమ్మడికాయ పులుసు, పూర్ణాలు అన్నాడు. కళ్ళు మూసుకుని చివరి మాట అన్నాడు.

"ఆవపెట్టిన పనసపొట్టు కూర. మా అమ్మ చేసేది చూడూ, అలా."

రత్నమాల టైఫాయిడ్ నుంచి లేచి ఎన్నాళ్ళో కాలేదు. సెలైను ఎక్కించిన మణికట్టు ఇంకా వాచి ఉంది. ఆ చెయ్యి ముందుకు చాపింది.

"పనసకాయ పొట్టు కొట్టడం నావల్ల కాదండీ. డాక్టరు కడుపు ఖాళీగా ఉంచొద్దంది కూడాను. ఈసారికి నన్ను ఇంత తిని వండనివ్వండి."

"ఒక్క పూటకే ఏం మునిగిపోతుంది? పేరంటాలికి కోపం రాదూ? మా అమ్మ నావల్ల కాదని ఎప్పుడూ అనలేదు."

"అనలేదు కనుకే గూట్లో ఉన్నారు," అంది రత్నమాల.

అచ్యుతరావుకు కోపం వచ్చింది. అయినా విందు పాడవుతుందని తమాయించుకున్నాడు. "సరే, పొట్టు కూర మానెయ్. మిగతా వాటిలో మాత్రం ఏ లోటూ రాకూడదు," అని పెద్ద మనసు చేసుకున్నాడు.

విందు ముందురోజు మధ్యాహ్నం రత్నమాల మినప్పప్పు నానబోసి, పెరట్లోకి వెళ్ళి కరివేపాకు దూసుకొచ్చింది. వచ్చి చూస్తే పప్పు కడిగి ఉంది. పొట్టంతా పోయి తెల్లగా మెరుస్తోంది. గిన్నెలో నీళ్ళు ఇంకా సుడి తిరుగుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. అచ్యుతరావు బజారుకు వెళ్ళాడు. ఒకవేళ ఇంట్లో ఉన్నా, పప్పుకు పొట్టుంటుందని ఆయనకు తెలియదు.

"అత్తయ్యా, మీరేనా?" అని అడిగింది రత్నమాల, మెల్లగా.

మూల గూటి దగ్గర గాజులు గలగలమన్నాయి.

భయపడాల్సిన చోట ఆమెకు భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో తనకు చెయ్యి సాయం చేసిన మొదటి మనిషి ఆవిడే. "కాసేపు కూర్చోకూడదూ?" అనబోయి, ఆ ఇంట్లో అలాంటి మాట అలవాటు లేక ఊరుకుంది.

మర్నాడు అతిథులు వచ్చారు. అచ్యుతరావు వాళ్ళను హాల్లో బల్లల ముందు కూర్చోబెట్టి అరిటాకులు వేయించాడు. తనూ కూర్చున్నాడు. వంటింటి గుమ్మానికి పూల తెర కట్టించాడు, పొగా మనిషీ కనపడకుండా. పేరంటాలి మూల ముందే విస్తరి వేసి, పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టించాడు. రత్నమాల పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగలేదు.

"రత్నం, వేడివేడిగా రానీ!" అని కేకేశాడు.

వచ్చాయి. పెసరట్లు వచ్చాయి, గారెలు వచ్చాయి. వడ్డించే మనిషి ముఖం వంక చూసే అలవాటు అచ్యుతరావుకు లేదు. చెయ్యి వంకే చూసేవాడు. ఆకు మీదికి చెయ్యి వచ్చి, వడ్డించి, వెళ్ళిపోయేది. మొదట్లో వచ్చిన చెయ్యికి మణికట్టు వాచి ఉంది. తర్వాత వచ్చిన చెయ్యి పొడుగ్గా ఉంది. ఆయన ఆఫీసరుతో బదిలీల గురించి మాట్లాడుతున్నాడు. గమనించలేదు.

"అబ్బ, ఈ కూర ఎంత బాగుందండీ! పొట్టు ఎంత సన్నగా కొట్టారో!" అంది ఆఫీసరు భార్య శశికళ.

"మా ఇంట్లో ఇది మామూలేనండి. మేం ఏది చేసినా ఇలాగే ఉంటుంది," అన్నాడు అచ్యుతరావు గర్వంగా, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

నాలుకకు ఆవ ఘాటు తగిలింది. అది పనసపొట్టు కూర. ఇంట్లో పనసకాయే లేదు. ఆ రుచి ఆయనకు తెలుసు. పదేళ్ళ వయసులో ఒక పంక్తిలో కూర్చుని తిన్న రుచి అది.

అప్పుడే ఆకు మీదికి మళ్ళీ చెయ్యి వచ్చింది. పచ్చ గాజులు. ముంజేతి మీద తేలు. ఆయన తలెత్తేలోపు తెర పక్కకు జరిగి, మళ్ళీ పడింది.

ఇంగువ వాసన హాలంతా కమ్ముకుంది. అచ్యుతరావు ఏం చెయ్యాలో తోచక, అలవాటైన పనే చేశాడు.

"పెరుగూ!" అని కేకేశాడు.

లోపలి నుంచి జవాబు లేదు. గరిటె చప్పుడు లేదు. అతిథులు ఆకుల మీద వేళ్ళు ఆపి తెర వంక చూశారు. తెర కదలలేదు. ఆ నిశ్శబ్దం అచ్యుతరావుకు కొత్త కాదు. అమ్మ పోయిన నాటి విందులోనూ సరిగ్గా ఇలాగే ఉండింది. రెండోసారి కేక వెయ్యడానికి నోరు తెరిచాడు. ఎంగిలి చెయ్యి ఆకు మీదే ఉంది.

తెర అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. మెల్లగా, అలసటగా.

"బాబూ, ఈసారి చెయ్యి కడుక్కోకుండా రా."

అచ్యుతరావు కుర్చీ తన్నేసుకుని లేచాడు. ఎంగిలి చేత్తోనే తెర లాగి లోపలికి పరిగెత్తాడు.

రత్నమాల పొయ్యి ముందు పడి ఉంది. మూకుట్లో నూనె ఇంకా సలసలమంటోంది గానీ పొయ్యి ఎవరో కట్టేశారు. ఆమె కొంగును మంటకు దూరంగా లాగి నడుముకు దోపారు. ఆమె తల కింద మడతపెట్టిన ఎర్ర పట్టుచీర ఉంది. ఆయన ట్రంకులో పెట్టి తాళం వేసిన చీర. తాళంచెవి మొలతాడుకే ఉంది. చీర వెచ్చగా ఉంది, ఇప్పుడే ఒంటి మీది నుంచి విప్పినట్టు.

ఊపిరి ఆడుతోంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. నీళ్ళ కోసం ఆయన చెయ్యి చాచి, ఆగాడు. పంక్తి ఇంకా లేవలేదు. ఇల్లాలు నీళ్ళు ముట్టకూడదు. గూటి వంక చూశాడు. విస్తరి పక్కన గ్లాసు లేదు. వెతికితే, రత్నమాల తల దగ్గరే ఉంది. నిండుగా ఉంది. ఎవరో తెచ్చి అక్కడ పెట్టారు.

ఇంకా ఎవరి అనుమతి కావాలి? ఆయన ఆ గ్లాసు తీసి భార్య పెదాలకు ఆనించాడు.

శశికళ వచ్చి నీళ్ళలో పంచదార కలిపి పట్టింది. రత్నమాల కళ్ళు తెరిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది, అచ్యుతరావును నాలుగు చీవాట్లు కూడా పెట్టింది.

"మరి ఇందాకటి పెద్దావిడ ఏరి?" అని అడిగింది శశికళ చుట్టూ చూసి. "ఎర్ర పట్టుచీర కట్టుకున్నారు. మీ అమ్మగారనుకున్నాను. పాపం ఒక్కరే తిరుగుతున్నారు, మీరూ కూర్చోండమ్మా అన్నాను. ఈ ఇంట్లో ఆ మాట మొదటిసారి వింటున్నానమ్మా, అని నవ్వారు."

అతిథులు తాంబూలం కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

అచ్యుతరావుకు పశ్చాత్తాపం కలిగింది. ఆయనకు తెలిసిన పశ్చాత్తాపం ఒకటే. జరీ ఎక్కువున్న పట్టుచీర కొనితెచ్చి గూటి ముందు పెట్టి, లెంపలేసుకుని, ట్రంకులో దాచి తాళం వేశాడు. మర్నాడు పొద్దున తీసి చూస్తే కొత్త చీర తడిసి, పిండేసినట్టు ముద్దగా పడి ఉంది. జరీ అంచుకు మసి. అచ్చం వేడి గిన్నెలు దింపే మసిగుడ్డలా ఉంది.

మంచం మీద ఆనుకుని గంజి తాగుతున్న రత్నమాల చూసి నవ్వింది.

"ఎన్ని చీరలు పెడితే ఏం లాభమండీ? అవి కట్టుకుని ఆవిడ వంటే చేస్తున్నారు. చచ్చినా ఆ పని వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదుగా."

"మరేం చెయ్యమంటావు?"

"కూర్చోమనండి."

తర్వాతి సెలవు రోజున అచ్యుతరావు వంటింట్లోకి వెళ్ళాడు. ఉప్మా ఉండలు కట్టింది. గారెలకు చిల్లు రాలేదు. చెయ్యి రెండు చోట్ల కాలింది. మూల గూటి దగ్గర కాకుండా, హాలు మధ్యలో రెండు పీటలు వేసి రెండు విస్తళ్ళు పరిచాడు. ఒక పీట మీద రత్నమాల కూర్చుంది.

"అమ్మా, నువ్వూ కూర్చో," అన్నాడు అచ్యుతరావు. పీట కాస్త ముందుకు జరిపి మళ్ళీ అన్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత రెండో పీట కిర్రుమంది, బరువైన మనిషి మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూలబడినట్టు.

ఆయన వడ్డించాడు. ఎవరూ కేక వెయ్యకముందే వెళ్ళి పెరుగు తెచ్చాడు. అందరికంటే ఆఖరున ఆయన తిన్నాడు. ఉప్మా చల్లారి గట్టిపడింది. చల్లారిన తిండి ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. రత్నమాల పెళ్ళైన నాటి నుంచీ తింటున్నది అదే.

అప్పటి నుంచి ట్రంకులో చీరకు మరక అంటలేదు.

నీతి: వండే మనిషిని బతికుండగా కూర్చోబెట్టి పెట్టాలి, ఆకలితో చంపి దేవతను చేస్తే ఆమె ఆకలి తీరదు, మన తప్పూ తీరదు.