చారలమ్మ పెట్టించిన వెలుగు

సాయంత్రం ఆరూ ఇరవైకి భానోజీరావు గారు చిటికెడు మేత తొట్టిలో వేసి, తడి వేళ్ళు తువ్వాలుకు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని ఊరికి బయల్దేరారు. తిరిగి రావడానికి ఆరు రోజులు. మేత పని భార్య సుభద్ర గారికి అప్పజెప్పారు. లైటు తనంతట అదే వెలిగి ఆరుతుంది కాబట్టి దాని గురించి ఏమీ చెప్పలేదు.

తొట్టి పొడవు అడుగున్నర. విశాఖపట్నంలో ఒక మూడో అంతస్తు ఇంటి హాల్లో, కిటికీకి ఎదురుగా ఉంటుంది. అందులో ఉప్పునీళ్ళు, ఇసుక, నాలుగు రాళ్ళు. కింది రాయి మీద మూడు పుట్టగొడుగు పగడాలు. చూడ్డానికి మొక్కల్లా ఉన్నా అవీ ప్రాణులే, మాట తక్కువ. పై రాతిలోని గూట్లో చారలమ్మ ఉంటుంది. నారింజ ఒంటి మీద తెల్ల చారలున్న క్లౌన్ ఫిష్. తొట్టికి పెద్ద ఆమే. ఎవరూ ఎన్నుకోలేదు. అందరికంటే ముందు వచ్చింది, అందరికంటే మెరుస్తుంది, అంతే. ఇసుకలో శంఖాన్ని వీపున మోసుకు తిరిగే ముసలి పీతను అందరూ తాత అంటారు.

ఆ మధ్యాహ్నమే తొలకరి పడింది. ఆయన వెళ్ళగానే గోడ మీది బల్లి వచ్చి లైటు అంచున కూర్చుంది.

"ఏం వదినా, ఈ చీకట్లో ఎలా కాపురం చేస్తున్నారు?"

"చీకటేమిటి? లైటు వెలుగుతుంటే."

"ఇది లైటా? అంకె చూశాను, ముప్ఫై. వంద దాకా పోయే లైటును ముప్ఫై దగ్గర కట్టేశారు. పై ఇంట్లో తొట్టి చూస్తే నువ్వు మాట్లాడవు. కొమ్మ పగడాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. నీలాంటి చేపే అక్కడ బంగారు కాసులా మెరుస్తోంది. ఇక్కడ నువ్వేమో, ఏమీ అనుకోకు, గంజిలో వేసిన క్యారెట్టు ముక్కలా ఉన్నావు."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ పుల్లకూరను చారలమ్మ కంటితో చూడనైనా లేదు.

"కొమ్మ పగడాలు మాకెందుకు తేలేదంటావు?" అంది.

"ఎలా తెస్తారు? ఈ వెలుగులో బతకవు కదా. వెలుగు పెంచితే ఆయనే తెస్తాడు. మీట మీద నా కాలు ఆనిస్తే చాలు, పది పెరుగుతుంది. నువ్వు పెద్దదానివి, ఊ అను."

ఇసుకలోంచి తాత తల బయటపెట్టాడు.

"చారలమ్మా, ఆగు. నేనూ ఈ పుట్టగొడుగులూ ఒకే రోజున కొట్టునుంచి వచ్చాం. కొట్టువాడు కొమ్మ పగడమే ముందు చూపించాడు. ఈయన వద్దన్నాడు. చిన్న తొట్టి, కొత్త చెయ్యి, తక్కువ వెలుగులో బతికేవే ఇవ్వమన్నాడు. వెలుగు కూడా ముప్ఫైతో మొదలెట్టి, వారానికో మెట్టు ఎక్కించాలని ఇద్దరూ అనుకున్నారు. నా చెవులారా విన్నాను."

"తాతా, నువ్వు పగలంతా చిప్పలో ఉండేవాడివి. వెలుగు సంగతి నీకేం తెలుసు?"

"నాకు తెలీదు. ఈ పుట్టగొడుగులకి తెలుసు. అడుగు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది చారలమ్మ. "అక్కర్లేకపోతే వాళ్ళే చెప్తారు." తర్వాత తల పైకెత్తి "ఊ" అంది.

బల్లి ఏడుసార్లు కాలు ఆనించింది. తొట్టి అద్దంలా వెలిగింది.

మర్నాడు సుభద్ర గారు మేత వేస్తూ ఆగిపోయి, "ఎంత బాగుందో" అని ఫొటో తీసుకున్నారు. మూడో రోజు ఎదురింటి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. చారలమ్మ వాళ్ళ ముందు పదిసార్లు అటూ ఇటూ ఈదింది. ఆ మూడు రోజుల్లో కింది రాయి వైపు ఒక్కసారీ చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం తాత ఆమె గూటి కిందికి వచ్చాడు.

"కిందికి రా ఒకసారి."

"ఏమైంది?"

"వచ్చి చూడు. చెప్తే నమ్మవు."

పళ్ళెంలా విచ్చుకుని ఉండాల్సిన పుట్టగొడుగు గుండీలా ముడుచుకుపోయి ఉంది. గోధుమ రంగు పోయింది. సున్నం ముద్దలా తెల్లగా ఉంది. దాని పక్కది ఇంకా తెలుపు. మూడోదాని చోట రాయి మాత్రమే ఉంది. కరిగిపోయి ఉంటుందనుకున్నారు.

"రంగు ఏమైంది తాతా?"

"ఆ రంగు వాటిది కాదు. ఒంట్లో కంటికి కనబడని అద్దెవాళ్ళుంటారు. వెలుగుతో వంట చేసి ఇల్లుగలవాళ్ళకి పెడతారు. రంగు వాళ్ళదే. పొయ్యిలో మంట ఒక్కసారి ఎగదోస్తే వంట మాడి, ఇల్లంతా పొగ. తట్టుకోలేక ఇల్లుగలవాళ్ళే అద్దెవాళ్ళని బయటికి గెంటేశారు. ఇక వండిపెట్టేవాడు లేడు. ఇలాగే ఉంటే ఇంకో వారం."

చారలమ్మ నీటి పైకి వెళ్ళింది. బల్లి లైటు పక్కన ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. మీసంలా రెండు ఉసిళ్ళ రెక్కలు మూతికి అంటుకుని ఉన్నాయి.

"వెంటనే దించు."

"దించడమా? నాకు ఎక్కించడమే తెలుసు వదినా."

"వాళ్ళు చచ్చిపోతున్నారు."

"నేనేం చెయ్యను? హాల్లో ట్యూబులైటు దగ్గర పెద్ద బల్లి ఉంది. నన్ను దరికి రానివ్వదు. వాన పడితే ఉసిళ్ళు వెలుగు ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. నాకో వెలుగు కావాల్సి వచ్చింది. నిన్ను అడిగాను, నువ్వు ఊ అన్నావు."

"మరి పై ఇంట్లో తొట్టి?"

"అది బట్టలుతికే మిషను. దానికీ గాజు తలుపే ఉంటుందిలే."

బల్లి గోడెక్కి వెళ్ళిపోయింది. చారలమ్మ కింది రాయి దగ్గరికి దిగింది.

"ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పలేకపోయారా?" అంది.

"అడిగితే చెప్పేవాళ్ళం," అంది పుట్టగొడుగు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే చారలమ్మకు కాస్త తేలికయ్యేది.

మరి రెండు రోజులు ఆ వెలుగు అలాగే కాసింది. చారలమ్మ తన రెక్కలు చాపి వాటిమీద నీడ పట్టాలని చూసింది. మూడు అంగుళాల చేప నీడ ఎంతని? పైగా నిలకడగా ఒకచోట ఉండడం ఆమెకు అలవాటు లేదు.

ఆరో రోజు భానోజీరావు గారు వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు నిలబడ్డారు. లైటు మీది అంకె చూసి, పగడాలు తేరుకునేదాకా అని ఇరవైకి దించారు.

"వెళ్ళే తొందరలో నా చెయ్యే తగిలి ఉంటుంది," అన్నారు భార్యతో. "కొట్టువాడు చెప్తూనే ఉన్నాడు, సరిచూసుకోవాల్సింది. నాదే తప్పు." ఆ మాట రెండుసార్లు అన్నారు.

తర్వాత ఎప్పటిలాగే చిటికెడు మేత తీసి చారలమ్మకు వేశారు. మేత ఆమె మూతి ముందునుంచి జారి ఇసుకలో పడింది. తాత కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజునుంచి తొట్టిలో ఎవరూ ఆమెను పెద్ద అనడం మానలేదు. ఆమే ఆ పిలుపుకు పలకడం మానేసింది.

వెలుగు ఎంత చాలో దాని కింద కాపురముండేవాడిని అడగాలి.

తొమ్మిది రోజుల తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. మూడో పుట్టగొడుగు కరిగిపోలేదు. మూడో రోజే రాతినుంచి పాదం ఊడదీసుకుని, నీటి వాలుకు కొట్టుకుపోయి, వెనక రాయి నీడలో అతుక్కుంది. తాతకు గోధుమ రంగులోనే కనిపించింది. పోతూ పోతూ చారలమ్మ గూటి ముందునుంచే పోయిందట. అప్పుడామె ఎదురింటివాళ్ళ వైపు తిరిగి ఈదుతోంది, పిలిచినా వినబడలేదట.