శాలువా కప్పిన కంప్యూటర్

రాజులూ కంప్యూటర్లూ కలిసి బతికిన కాలమది. ఆ కోటలోకి కొత్తగా ఏది వచ్చినా పట్టుశాలువా కప్పి, పూలదండలు వేయాల్సిందే. కంప్యూటర్లు బాగుచేసే నూకాలు, రాజుగారి కంప్యూటర్‌కు ఆటల్లో బొమ్మలు నడిపే కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి వెళ్లగానే, కార్డు లోపలుంది కనుక మంత్రి దండపాణి కంప్యూటర్‌కే సన్మానం చేయించాడు. ఇక రాజు అందులో రథాల పందెం ఆట మొదలుపెట్టడమే ఆలస్యం, కంప్యూటర్ ఆగిపోయేది.

"నాసిరకం కార్డు అంటగట్టింది ప్రభూ! చెరసాలలో వేయించండి" అన్నాడు మంత్రి.

నూకాలును పట్టుకొచ్చారు. గాలి రంధ్రాలన్నీ మూసేసిన శాలువానూ దండలనూ ఆమె చూసింది.

"సన్మానం సగమే జరిగింది ప్రభూ. మంత్రిగారికి కూడా చేయండి."

సన్మానమంటే చాలు, మంత్రి మెడ దానంతటదే వంగుతుంది. మండువేసవి మధ్యాహ్నం పది శాలువాలు కప్పి, ముక్కు మునిగేదాకా దండలు వేశారు.

"ఇప్పుడు సభ చుట్టూ పరుగెత్తమనండి. ఆట నడిచేటప్పుడు ఆ కార్డుకీ అంత పని ఉంటుంది."

రాజు సైగ చేశాడు. రెండో చుట్టులోనే మంత్రి దబ్బున కూలబడ్డాడు.

నూకాలు చేతులు కట్టుకుని అడిగింది: "ప్రభూ, ఈయన్ని నాసిరకమని చెరసాలలో పారేద్దామా, శాలువాలు తీసి చూద్దామా?"