తమ్మయ్యకు విస్తరి

రెండు వాక్యాల ముందుమాట కోసం ఆనందభూషణం ఆ ఆదివారం పొద్దున్నే పేరిందేవి గారింటికి వెళ్ళాడు. ఆవిడ రాసిన ఆ రెండు వాక్యాలు ఉంటే అతని మొదటి నవల వేస్తామని బెజవాడ పబ్లిషరు ఒప్పుకున్నాడు. లేకపోతే కొత్తవాడి పుస్తకం ఎవరు కొంటారయ్యా అన్నాడు.

పేరిందేవి గారు కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. నలభై అపరాధ పరిశోధన నవలలు రాశారు. భూషణానికి ఊళ్ళోనే టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆరేళ్ళుగా ఆవిడ రాతప్రతులన్నీ అతనే టైపు చేస్తున్నాడు. అలా టైపు చేస్తూనే రాయడం నేర్చుకున్నానని అతని నమ్మకం. ఆవిడా కాదనలేదు.

రాయడంతో పాటు అలవాట్లూ పట్టుకున్నాడు. ఆవిడ చాప మీద బోర్లా పడుకుని, గుండెల కింద దిండు పెట్టుకుని రాస్తారు. కొత్త పెన్సిల్ కొనగానే మధ్యకు విరిచేస్తారు. రాస్తున్నంతసేపూ రేడియో సన్నగా మోగుతుండాలి, వ్యవసాయదారుల కార్యక్రమమైతే మరీ ఇష్టం. చేతికందేలా వేయించిన వేరుశనక్కాయల పళ్ళెం ఉండాలి. భూషణం ఇవన్నీ ఒక్కటి వదలకుండా పాటించాడు. మెడ పట్టేసింది గానీ, మూడు నెలల్లో నవల పూర్తయింది.

"హంతకుడెవరో ఆఖరి పేజీ దాకా మీక్కూడా తెలీదమ్మగారూ," అన్నాడు కాగితాల కట్ట అందిస్తూ.

"అంత ధీమానా?"

"ధీమాయేనండి."

ఆవిడ నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని, వేరుశనక్కాయల పళ్ళెం దగ్గరకు లాక్కున్నారు.

ఈ ఆరేళ్ళలో భూషణం ఒకటి గమనించాడు. తను రాసేదైనా, ఒకరిది చదివేదైనా, కథలో మనిషి పోయే చోటు వచ్చేసరికి ఆవిడ పళ్ళెం పక్కకు నెట్టేస్తారు. ఆ పేజీ దాటేదాకా ఏదీ నోట్లో వేసుకోరు. అందుకే తొమ్మిదో పేజీ కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కలప అడితి యజమాని తమ్మయ్య తల పగిలి చచ్చిపోయే పేజీ అది.

ఆవిడ ఒక కాయ వలిచారు. రెండు గింజలు నోట్లో వేసుకున్నారు. పేజీ తిప్పారు.

రెండో హత్య దగ్గరా అంతే. మూడో హత్య మధ్యలో పళ్ళెం ఖాళీ అయితే, లేచి వెళ్ళి ఇంకో గుప్పెడు తెచ్చుకున్నారు.

పన్నెండవుతుండగా చివరి పేజీ మూశారు.

"నువ్వన్నది నిజమే. హంతకుడు కాంపౌండరని నాకు తట్టలేదు. ముడి బాగా వేశావు."

భూషణం మొహం వెలిగిపోయింది. "అయితే ముందుమాట..."

"రాద్దాం. ముందు భోజనాలు కానీ. తమ్మయ్యను కూడా పిలుద్దాం."

వంటింట్లో నేల మీద పీట వేశారు. దాని ముందు విస్తరి పరిచి నీళ్ళు చిలకరించారు. అన్నం, గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు తెచ్చి వరసగా పెట్టుకుని, గరిటె చేత్తో పట్టుకుని అడిగారు.

"ఏం వడ్డించమంటావు?"

"ఎవరికండి?"

"తమ్మయ్యకి. ఆయనకేమిష్టం?"

భూషణం నవ్వబోయాడు. ఆవిడ నవ్వడం లేదు.

"అది రాయలేదండి. తొమ్మిదో పేజీలోనే పోతాడు కదా."

"ఎనిమిది పేజీలు బతికున్నాడుగా. నెయ్యి వేసుకుంటాడా?"

"తెలీదండి."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, విస్తరికి ఎదురుగా కూర్చున్నారు. విస్తరి మీది నీటిచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. భూషణానికి ఆకలేస్తోంది. కాస్త కోపంగానూ ఉంది.

"గోంగూర తింటాడండి," అన్నాడు చివరికి.

"నన్ను చూసి చెప్పకు. ఆయన్ని చూసి చెప్పు."

భూషణం పీట వైపు చూశాడు. చాలాసేపు అక్కడేమీ కనిపించలేదు. దుంగలు కొలిచి కొలిచి అరవయ్యేళ్ళు దాటిన మనిషి అంత ఎత్తు తక్కువ పీట మీద ఎలా కూర్చుంటాడో ఊహించబోయాడు.

"కింద కూర్చోలేడండి," అన్నాడు నెమ్మదిగా. "మోకాళ్ళు వంగవు."

ఆవిడ లేచి, ముందు గదిలోంచి కుర్చీ, చిన్న బల్ల తెచ్చారు. విస్తరి బల్ల మీదకు మార్చారు.

"ఊఁ."

"కూరలు పెద్దగా ముట్టడు. పెరుగన్నంలో పంచదార వేసుకుంటాడు." భూషణం ఆగాడు. "ఈ వయసులో పంచదారేమిటని కోడలు నవ్వుతుందని ఆయనకి మొహమాటం. ఆవిడ అటు తిరిగినప్పుడు గబుక్కున వేసుకుంటాడు."

పేరిందేవి గారు విస్తట్లో పెరుగన్నం వడ్డించారు. పంచదార డబ్బా మూత తీసి, కుర్చీకి అందేలా పెట్టారు. పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డారు.

భూషణం కూడా తల పక్కకు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఆవిడ ఇటు తిరిగారు. కాగితాల కట్ట తెచ్చి, తొమ్మిదో పేజీ తీసి, విస్తరి పక్కన పెట్టారు.

"ఇప్పుడు చంపు," అన్నారు.