ఏడు రాళ్ల తవుడు గంప

గుట్ట కింది గుహలో జంతువులన్నీ ఎండాకాలానికి మేత దాచుకున్నాయి. గంపలు నింపి కాపలా కాసేది ఓబులేసు అనే నక్క. తూచేది పెద్ద ఎలుగుబంటి. దుక్కి దున్నే జోడెద్దులకు రోజుకొక వేరుశనగ చెక్క గంప, ఒక తవుడు గంప ఇవ్వాలని కట్టుబాటు. చెక్క గంప పది రాళ్లు తూగాలి, తవుడు గంప నాలుగు. ఇంకో ఆచారమూ ఉంది. తక్కెడలో ఏ గంపనూ ఒంటిగా పెట్టకూడదు, పెడితే వానలు ముఖం చాటేస్తాయట! ఎవరు పెట్టారో గానీ ఆ ఆచారం నక్కకు మహా ఇష్టం.

రెండు గంపలూ కలిపి తూస్తే రోజూ సరిగ్గా పద్నాలుగు రాళ్లే. అయినా ఆ జోడెద్దుల్లో పుల్లెద్దుకు ఎముకలు తేలాయి. దాని జోడు కర్రెద్దు ఆ ఉదయం లేవబోయి మోకాళ్ల మీద కూలబడింది. తొలకరికి ఇంకా పది రోజులే. జోడు లేవకపోతే చేను బీడు, ఏడాదంతా అందరికీ పస్తులు. పుల్లెద్దుకు భయం వేసింది.

"ఓబులేసూ, తవుడు పంటికింద కరకరమంటాంది. ఏం కలిపినావప్పా?"

"ఎండాకాలం తవుడు అట్లే ఉంటాది మామా. తూకం తగ్గిందా చెప్పు!"

తగ్గలేదు. అదే పుల్లెద్దు బాధ. మధ్యాహ్నం దాకా నెమరు వేస్తూ ఆలోచించి, ఎలుగు దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, రెండు చెక్క గంపలు, మూడు తవుడు గంపలు ఒకేసారి తూచు. ఒంటిగా ఏదీ పెట్టడం లేదు కదా?"

ఎలుగు నక్క వైపు చూసింది. నక్క పకపకా నవ్వింది. "గుహలో గంపలన్నీ నా చేత్తో ఒకే తీరుగా నింపినవే. నీ ఇష్టమొచ్చినన్ని తూచుకో మామా!"

తూచారు. ముప్పై ఐదు రాళ్లు తూగింది.

"చూసినారా!" నక్క ఎగిరి గంతేసింది. "చెక్కకు ఇరవై, తవుడుకు పన్నెండు, ముప్పై రెండు రావాల. మూడు రాళ్లు ఎక్కువే పోసినా. నన్ను అనుమానించేదానికి సిగ్గుండాల!"

చుట్టూ ఉన్నవి తలలూపాయి. పుల్లెద్దు మాత్రం కదల్లేదు.

"పెద్దయ్యా, ఒక చెక్క, ఒక తవుడు కలిస్తే ఎన్ని రాళ్లు?"

"రోజూ తూస్తానే ఉండా కదా, పద్నాలుగు."

"అట్లాంటి జతలు రెండైతే?"

"ఇరవై ఎనిమిది."

"ఆ రెండు జతల్నీ ఈ కుప్పలోంచి పక్కన పెట్టు."

ఎలుగు రెండు చెక్క గంపలు, రెండు తవుడు గంపలు తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడేం మిగిలింది?"

"ఒక్క తవుడు గంప."

"దాని బరువెంత?"

ఎలుగు వేళ్లు మడిచి లెక్క కట్టింది. "ముప్పై ఐదులో ఇరవై ఎనిమిది పోతే ఏడు." మళ్లీ మడిచింది. మళ్లీ ఏడే. "నాలుగుండాల్సిన తవుడు ఏడెట్లయిందిరా ఓబులేసూ?"

"తవుడు ఏడైతే, పద్నాలుగులో చెక్కకు మిగిలేది ఏడే," అంది పుల్లెద్దు. "పదిలో మూడు ఎటుపోయినాయో కూడా అడుగు పెద్దయ్యా."

నక్క రెండడుగులు వెనక్కి వేసింది. "ఒంటి గంపను ఎవరూ తూయలేదే!"

"తూయలేదు. కలిపి తూస్తేనే దొరికినావు," అంది పుల్లెద్దు.

ఎలుగు ఆ గంపను నీళ్ల తొట్టిలో గుమ్మరించింది. తవుడు పైకి తేలింది, ఎర్ర ఇసుక అడుగున పేరుకుంది. నక్క బొరియ తవ్వితే దొంగిలించిన చెక్కంతా బయటపడింది. అందరికంటే ముందు కర్రెద్దు ముందర పెట్టారు. తొమ్మిదో రోజుకు అది లేచి నిలబడితే పుల్లెద్దు దాని మెడను ప్రేమగా నాకింది. మిగిలిన తవుడంతా జల్లించి ఇసుక ఏరే పని నక్క నెత్తిన పడింది. తొలకరి జల్లు పడి ఎద్దులు కాడి ఎత్తుకునే వేళకి అది ఇంకా మూడో గంప దగ్గరే తుమ్ముతూ కూర్చుని ఉంది.

నీతి: రెండు కలిసి నిజాన్ని దాస్తుంటే, లెక్కలోంచి ఒకదాన్ని తప్పించండి, రెండోది తానే దొరుకుతుంది.