దివానుగారి తీర్పు, గవరయ్య రాయి

కొండమెట్ట రాజావారి కారులో చేతిబ్రేకు దించినా ఎర్రదీపం ఆరడం లేదు. దివాను పరాంకుశంగారు అది చూసి మండిపడ్డారు. డ్రైవరు దాలయ్య బ్రేకు వేసి ఉంచే బండి తోలుతున్నాడనీ, కారు పాడుచేస్తున్నాడనీ రాజావారికి చెప్పి అతని ఉద్యోగం తీయించబోయారు. దాలయ్య బ్రేకు దించే తోలుతున్నానని లబోదిబోమంటూ మెకానిక్ గవరయ్యను పిలుచుకొచ్చాడు.

కారు కోట ముందు ఏటవాలు బాట మీద పల్లం వైపు తిరిగి ఉంది. గవరయ్య ముందుచక్రానికి రాయి అడ్డం పెట్టి, బ్రేకు దించి, దాని కిందనున్న స్విచ్చు తీగ ఊడదీశాడు. దీపం ఆరింది. మళ్లీ తగిలిస్తే వెలిగింది.

"స్విచ్చు ఇరుక్కుపోయింది మహాప్రభో. బ్రేకు దిగినా దీపానికి ఆ సంగతి తెలియడం లేదు" అన్నాడు.

"నాకు పాఠాలు చెబుతావా? దీపం వెలుగుతోందంటే బ్రేకు పడి ఉన్నట్టే!" అని గద్దించారు దివానుగారు.

"చిత్తం. అయితే బండి కదలదు కదండీ. తమరొక్కసారి దాని ముందు నిలబడండి."

రాజావారు చూస్తున్నారు, కాదంటే పరువు పోతుంది. దివానుగారు మీసం సవరించుకుంటూ వెళ్లి నిలబడ్డారు. గవరయ్య నింపాదిగా వంగి రాయి మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, రాయి తీయకు! బ్రేకు దించేసి ఉంది, నన్ను తొక్కేస్తుంది!" అని కేకపెట్టి దివానుగారు పక్కకు దూకారు.

గవరయ్య రాయిని అలాగే వదిలేసి, రాజావారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"విన్నారుగా మహాప్రభో! దాలయ్య మొదటినుంచీ మొత్తుకుంటున్నదీ అదేనండి."