పోగులమ్మ పొయ్యి మీద మూత

ఒకప్పుడు, మట్టిలోని పురుగూ పుట్రా అన్నీ మాట్లాడే రోజుల్లో, ఒక వేరుశనగ చేలో పోగులమ్మ అనే జీవి ఉండేది. ఒళ్లంతా సన్నటి తెల్లటి పోగులే. మన కంటికి ఆనదు. కంటికి ఆననిదానికి గొప్పలు మాత్రం గంపెడు.

పోగులమ్మ కడుపులో ఒక పొయ్యి ఉండేది. దాని మీద విషం కాచేది. అది తగిలితే పక్కనున్న జీవులు చచ్చేవి. మంచిదే, ఎవరిల్లు వాళ్లు కాపాడుకోవాలి. కానీ ఈవిడ దొంగ రాకముందే పొద్దస్తమానం కాచేది. కుళ్లిన ఆకుల్లోంచి దొరికే తీపంతా ఆ విషం కుండలోనే పోసేది.

"కాస్త దాచుకోవమ్మా. ఎండాకాలంలో పిల్లలు పుట్టే వేళకి ఒంట్లో సత్తువ ఉండొద్దూ?" అంది అటుగా పాకుతున్న వానపాము.

"మాది విషం కాచే వంశం. దాచుకోవడాలు మీలాంటి మట్టి తినేవాళ్లకి," అంది పోగులమ్మ. తానుండేదీ ఆ మట్టిలోనే అన్న సంగతి ఆ మహాతల్లికి గుర్తు లేదు.

పక్కింట్లో గుండ్రయ్య ఉండేవాడు. గోళీలా గుండ్రంగా ఉండే జీవి. మొదట్లో అతని చుట్టాలు చాలామంది పోయారు. మిగిలినవాళ్లు ఆ విషం తగిలి తగిలి రాటుదేలారు. కొన్నాళ్లకి గుండ్రయ్యే గుమ్మంలోకి వచ్చి, "ఏం పోగులమ్మక్కా, ఇవాళ కషాయం పలచబడిందే?" అని పలకరించి పోయేవాడు. ఆవిడ పంతానికి ఇంకో కుండ ఎక్కించేది. బుర్ర ఉంటే కదా.

ఎండాకాలం వచ్చింది. ఆకులు అయిపోయాయి. పోగులమ్మకి పిల్లలు పుట్టారు, పొడి గింజల్లాంటి పిల్లలు. వాళ్లని పెంచి మట్టి పైకి ఎత్తాలి. తిండేదీ? తిండి లేనప్పుడు వాళ్ల జాతిలో తల్లికి ఒకటే దారి. తన పాత పోగుల్ని తానే కరిగించి, ఆ రసం పిల్లలకి పొయ్యాలి.

పోగులమ్మ కరగడం మొదలెట్టింది. వాసన పట్టి గుండ్రయ్య బలగమంతా దిగింది.

"దగ్గరికొస్తే చస్తారు," అంది పోగులమ్మ.

"తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు బెదురుతాయా అక్కా? నీ చేతి వంట మాకు అలవాటేగా," అని గుండ్రయ్య ఆ రసం లాగించేశాడు.

పిల్లలు ఒక్కొక్కరే ఎండి రాలిపోయారు. పోగులమ్మ ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి కదా, ఆ ఏడుపు వింటే జాలేస్తుంది. చివరికి నలుసు అనే కూతురొక్కతే మిగిలింది. తన చివరి పోగు దానికి తినిపిస్తూ తల్లి, "ఈ రుచి గుర్తుపెట్టుకో తల్లీ. మన ఒంటి గోడ కరిగితే వచ్చే రుచి ఇది. ఇది నోటికి తగిలేదాకా పొయ్యి జోలికి పోకు," అంది.

వానలు పడ్డాయి. నలుసు మొలకెత్తి, ముందుగా పొయ్యి మీద ఒక మూత బిగించింది. ఆ రుచి తగిలితే తప్ప మూత లేవదు.

"మీ వంశం గొప్పంతా ఏమైందే?" అని గుండ్రయ్య మనవలు వెక్కిరించారు. నలుసు ఆకుల తీపంతా తిని, ఒళ్లు పెంచుకుంది. విషం ఊసే లేకపోయేసరికి ఆ మనవలకి దాన్ని తట్టుకునే తాత నాటి సత్తువ కాస్తా పోయింది.

మళ్లీ ఎండలు ముదిరి, ఆకులు అయిపోయాయి. పుట్టిన పిల్లల కోసం నలుసు కరగడం మొదలెట్టింది. గుండ్రయ్య మనవలు ఈలలేసుకుంటూ విందుకి దిగారు. నలుసు నోటికి తన ఒంటి గోడ రుచి తగిలింది, మూత లేచింది, విషం పొంగింది. విందుకొచ్చినవాళ్లలో ఒక్కడూ ఇంటికి పోలేదు. నలుసు పిల్లలందరూ మట్టి పైకి లేచారు.

అప్పటినుంచే ఆ జాతి కడుపు నిండినన్నాళ్లూ విషం కాచదు. ఆ విషమే మన చీము పుండ్లకి మందు. పెద్ద చదువులవాళ్లు ఆ జీవిని గాజు సీసాలో పెట్టి, చక్కెర పాకం పోసి, మందివ్వమని బతిమాలతారు. అది పాకం తాగి ఊరుకుంటుంది. తిండి కరువై, పిల్లల కోసం తన ఒళ్లు తానే కరిగించుకునే రోజు వస్తేనే మూత తీస్తుంది.